పాటయ్యాక పేరు చెప్పండి

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం ఒక వీణ టీచరు చేసిన ప్రసంగం. పొద్దుటిపూట రేడియోలో వచ్చే శాస్త్రీయ సంగీతం గురించి శ్రోతలు ఏమనుకుంటున్నారన్నది విషయం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తారా బాబూ, అది నాకంటే గట్టిగా మాట్లాడుతోంది. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు "రేడియో, శాస్త్రీయ సంగీతం" అని టాపిక్ ఇచ్చారు. అంత పెద్దది నా వల్ల కాదన్నాను. పెదవాల్తేరులో పిల్లలకి వీణ చెప్పుకునే మనిషిని, నాకు తెలిసిందల్లా సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా పిల్లల్ని లాక్కురావడం. అందుకని ఒక పని చేశాను. మూడు నెలలు ఒక నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని తిరిగాను. పొద్దున్నే టిఫిన్ల వేళ రేడియోలో సంగీతం వస్తే వింటారా, ఏం నచ్చుతుంది, ఎక్కడ చిరాకేస్తుంది అని కనిపించిన వాళ్లందర్నీ అడిగాను. బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వచ్చేవాళ్లు, రైతుబజారులో వంకాయలు ఏరుకునేవాళ్లు, పాఠానికొచ్చే పిల్లల తల్లులు, మా వీధి ఇస్త్రీ అబ్బాయి. ఇది సర్వే కాదు, నన్ను శాతాలు అడక్కండి. ఇంకో సంగతి, ఎవరు ఏ స్టేషన్‌ని తిట్టారో చెప్పను. ఆకాశవాణి పేరు ఎత్తినప్పుడు అది చరిత్ర కోసమే అనుకోండి, తిట్లకి మాత్రం ఊరూ పేరూ ఉండవు.

ముందు నా సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే నేనూ శ్రోతనే, నా అభిప్రాయం నేను రాసుకోకపోతే ఎవరు రాస్తారు? మా ఇంట్లో పొద్దున్న లేవడానికి అలారం ఉండేది కాదు. ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ మోగితే అమ్మ పొయ్యి దగ్గర ఉన్నట్టు, వందేమాతరం అయి మంగళవాద్యం మొదలైతే నాన్నగారు స్నానానికి లేచినట్టు, భక్తిరంజని వస్తోందంటే ఇంక మేము పక్క దిగకపోతే దెబ్బలు పడతాయన్నట్టు. మన విశాఖ కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలైంది. మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. విజయవాడది అంతకు ముందే, 1948 డిసెంబరు 1న. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళీకృష్ణ గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు, మన విజయనగరం జిల్లా పుష్పగిరిలో పుట్టిన శ్రీరంగం గోపాలరత్నం గారు, వీళ్లంతా ఆ విజయవాడ స్టేషన్లో పనిచేసిన వాళ్లే. సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలైనా, తత్వాలైనా, అన్నమయ్య అయినా మా తరానికి మొదట చెవిన పడింది ఆ పెట్టెలోంచే. కచేరీకి వెళ్లాలంటే చీర మార్చుకోవాలి, బస్సెక్కాలి. రేడియో అయితే పప్పు కడుగుతూ కూడా బాలమురళి గారిని వినొచ్చు.

అక్కడే ఉంది అసలు సంగతి. పొద్దున్న రేడియో వినేవాడు సంగీతం వినడం లేదు. (సభలో ఎవరో: "అదేంటండీ!") ఉండండి, చెప్తాను. వాడి చేతులు వేరే పనిలో ఉంటాయి. చెట్నీకి తిరగమోత పెడుతుంటాడు, షేవింగ్ చేసుకుంటుంటాడు, పిల్లల టైలు వెతుకుతుంటాడు. చెవి ఒకటే ఖాళీ, అదీ సగమే. ఆ సగం చెవికి ఎలా వినిపించాలన్నదే పొద్దుటి ప్రోగ్రాం చేసేవాళ్ల తలనొప్పి. నా నోటుపుస్తకంలో ఉన్న ఫిర్యాదులన్నీ తిప్పి తిప్పి చూస్తే ఆ సగం చెవి దగ్గరికే వస్తాయి.

ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు చాలా కోపంగా ఉన్నారు. పొద్దుటిపూట పొద్దుటి రాగాలే వెయ్యాలి, అవేమిటంటే భూపాలం, బౌళి, మలయమారుతం, బిలహరి, మహా అయితే వలజి, మిగిలినవన్నీ అపచారం అన్నారు. నాకు ఆయనంటే గౌరవం. మేలుకొలుపు అంటే మన చెవికి బౌళి తగలాలి, త్యాగయ్య గారి "మేలుకోవయ్య" ఆ రాగంలోదే కదా. కానీ ఆయన మర్చిపోయింది ఒకటుంది. రోజూ ప్రసారం మొదలయ్యేదే ఆ సిగ్నేచర్ ట్యూన్‌తో. అది కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అని, చెక్ దేశం నుంచి 1934లో బొంబాయి వచ్చిన ఒక యూదు సంగీతకారుడు. ఆ ట్యూన్‌కి ఆధారం శివరంజని అంటారు. శివరంజని హిందుస్తానీ వాళ్ల లెక్కలో రాత్రి రాగం! ఎనభై ఏళ్లు దాటి పొద్దున్నే రాత్రి రాగంతో లేస్తున్నాం, లెక్చరర్ గారితో సహా ఎవరూ నొచ్చుకోలేదు, పైగా అది వింటే కళ్లు చెమరుస్తాయి అంటాం.

ఇంతకంటే తమాషా ఏమిటంటే, మా వెనకింట్లో స్టీలు ప్లాంటు ఉద్యోగి ఉన్నాడు. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసి పొద్దున్న ఆరింటికి బయటపడి ఇల్లు చేరేసరికి అందరి ఇళ్లలో కాఫీ వాసనలు. ఆయన అన్నాడూ, "పిన్నిగారూ, మీకది ఉదయం, నాకది రాత్రి పది. ఆ టైముకి కాస్త జోలపాటల రాగం, నీలాంబరి వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది?" అని. (నవ్వులు) లెక్చరర్ గారి పేజీ, ఈయన పేజీ ఎదురెదురుగా పడ్డాయి నా పుస్తకంలో. నేను ఇద్దరికీ నచ్చజెప్పలేను. నా మటుకు నాకు భూపాలం ఒకటి ముందు పడితే చాలు, ఆ తరవాత సాయంత్రం రాగం కల్యాణి వచ్చినా నా ఇడ్లీ పాడవదు.

ఇక మాటల గొడవ. ఇదే ఎక్కువమంది ఎత్తారు. "పాట కంటే మాట ఎక్కువైంది" అని సగం మంది, "ఏం పాడుతున్నారో ఒక్క ముక్క చెప్పరు" అని ఇంకో సగం. ఇద్దరూ ఒకే స్టేషన్ గురించే అన్నారు, అదీ విడ్డూరం. వాట్సాప్ మెసేజిలు చదవడం, పుట్టినరోజు శుభాకాంక్షలు, "గాజువాక నుంచి ఫలానా వాళ్లు అడిగారు, వాళ్ల అత్తగారికి, మామగారికి, పిన్ని కూతురికి" అంటూ పోయే ఆ దండకం, దాని మీద చాలామందికి మంట. నాకూ ఉంది, దాచుకోను. కానీ మా పక్కింటావిడ పేరు ఒకరోజు చదివారు, ఆ రోజంతా ఆవిడ నేల మీద నడవలేదు. ఆవిడ కూడా శ్రోతే మరి.

ఇది మన ఊరి జబ్బే అనుకున్నాను కొన్నాళ్లు. మా అక్క కూతురు ఇంగ్లండులో ఉంటుంది, అది ఫోన్లో బీబీసీ రేడియో 3, అంటే అక్కడి శాస్త్రీయ సంగీతం స్టేషన్, పెట్టుకోవడం నేర్పింది. వాళ్ల బ్రేక్‌ఫాస్ట్ ప్రోగ్రాం అక్కడ పొద్దున్న ఆరున్నరకి మొదలు, మనకి వాళ్ల ఎండాకాలంలో పదకొండు, చలికాలంలో పన్నెండు. అంటే వాళ్ల టిఫినుకి వచ్చే సంగీతం నా సాంబారుకి వస్తుంది. ఆ స్టేషన్ ఆ పేరుతో 1967 నుంచీ ఉంది, బ్రేక్‌ఫాస్ట్ అని పేరు పెట్టిన ప్రోగ్రాం 2007లో వచ్చింది. అక్కడి శ్రోతల ఫిర్యాదులు విన్నాక నాకు నవ్వాగలేదు. సింఫనీ మొత్తం వెయ్యరు, అందులో ఒక్క భాగం తుంచి వేస్తారు. శ్రోతల మెసేజిలు చదువుతారు. 1992లో వచ్చిన క్లాసిక్ ఎఫ్ఎం అనే ప్రైవేటు స్టేషన్‌ని చూసి వీళ్లూ తేలిగ్గా తయారయ్యారు. అవే మాటలు! బాక్, బీథోవెన్ తీసి త్యాగయ్య, దీక్షితర్ పెడితే నా నోటుపుస్తకమే. అక్కడా రెండో పక్షం ఉంది లెండి, పొద్దున్నే నలభై నిమిషాల సింఫనీ వేస్తే ఆఫీసుకెళ్లేవాడు సగంలో తలుపేసుకుని పోతాడు కదా అని. అదీ నిజమే.

తుంచడం గురించి కొంచెం సేపు మాట్లాడనివ్వండి, ఎందుకంటే నాకు బీపీ వచ్చేది ఇక్కడే. ఒకరోజు పొద్దున్న ఒక స్టేషన్లో, పేరు చెప్పనన్నాను కదా, త్యాగరాజ కృతి. పల్లవి అయింది, అనుపల్లవి అయింది, నేను స్టవ్ సిమ్‌లో పెట్టి మరీ నించున్నాను చరణం కోసం. చరణం రెండో పాదంలో ఉండగా సన్నగా గొంతు తగ్గిపోయి, దాని మీద ప్లాట్ల ప్రకటన. భోగాపురం దగ్గర గజాల లెక్కన. (నవ్వులు) అయ్యా, కృతిలో చరణం ఎందుకుంటుంది? వాగ్గేయకారుడి, అంటే పాట రాసి వరస కట్టినవాడి, ముద్ర సాధారణంగా అక్కడే ఉంటుంది. "త్యాగరాజ" అని ఆయన తన పేరు చెప్పుకునేది అక్కడ. చాలా కృతుల్లో అనుపల్లవి వరసే చరణం చివర మళ్లీ వచ్చి, అక్కణ్ణించి పల్లవిలోకి దిగుతుంది. ఇంటికి తిరిగొచ్చినట్టుండేది ఆ దిగడమే. సంతకం పెట్టేలోపు దస్తావేజు లాక్కుంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒప్పుకుంటారా? ప్లాట్లు అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలియాలి!

ఆ స్టేషన్‌లో ఒకాయన్ని తెలిసినవాళ్ల పెళ్లిలో పట్టుకుని అడిగాను. "అమ్మా, కృతి పన్నెండు నిమిషాలు, స్లాటు ఎనిమిది నిమిషాలు, ఏం చెయ్యమంటారు" అన్నాడు. ఎనిమిది నిమిషాల్లో పట్టేది వెయ్యమంటాను. లేవా? దివ్యనామ కీర్తనలున్నాయి, ఉత్సవ సంప్రదాయ కీర్తనలున్నాయి, అన్నమయ్య ఉన్నాడు, రామదాసు ఉన్నాడు, నారాయణతీర్థుల తరంగాలున్నాయి, అన్నీ నాలుగైదు నిమిషాల్లో హాయిగా పాడుకోవచ్చు. పాత గ్రామఫోను రికార్డు ఒక పక్కకి మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. ఆ కాసింత జాగాలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు మీద రాగం ముఖం చూపించి, కృతి వాయించి దింపేసేవారు. ఆయన ఈ ఊళ్లో పెరిగినవాడు, 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడై, ఆదిభట్ల నారాయణదాసు గారి తరవాత ప్రిన్సిపాల్ అయినవాడు. ఎనిమిది నిమిషాలు తక్కువని మాత్రం నాకు చెప్పకండి. కుండ సైజు చూసుకోకుండా బియ్యం పోసి పొంగిపోయిందంటే తప్పు బియ్యానిదా?

వీణ ఎందుకు తక్కువగా వస్తుందని నన్ను చాలామంది అడిగారు, నేను వీణ టీచర్నని మొహమాటానికి అడిగి ఉంటారు. మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఫ్రీక్వెన్సీలో దూరం 9 కిలోహెర్ట్జే. అందుకని నాదంలో పైన ఉండే మెరుపంతా కోసేసి పంపాలి. గొంతుకి అంత నష్టం లేదు, నాదస్వరానికి అసలు లేదు, అది ఎక్కడైనా గెలుస్తుంది. వీణకి మాత్రం మీటులోనే ప్రాణం. తీగ మీద గోరు పడ్డప్పటి ఆ చిన్న గీర పోతే వీణ చప్పగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. దాని పైన ఎదురింటి మిక్సీ, కొత్త రకం ఎల్ఈడీ బల్బులు చేసే గుర్రు. బొబ్బిలి వీణంటే ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు, గొల్లపల్లిలో ఇప్పటికీ ఆ పని చేసే కుటుంబాలున్నాయి. అంత కష్టపడి చేసిన నాదం మా ఇంటి మిక్సీ కింద పడి నలిగిపోతుంది. ఎఫ్ఎంలో, ఫోన్లో ఈ బాధ లేదు. ఆకాశవాణి వాళ్లే 2016 జనవరి 26న "రాగం" అని రోజంతా శాస్త్రీయ సంగీతమే వచ్చే ఛానల్ పెట్టారు, యాప్‌లో వస్తుంది, వీణ వినాలనుకునేవాళ్లు అక్కడ వినండి.

పిల్లల సంగతి అడిగారు ఇందాక ఒకరు. పిల్లలు ఆపెయ్యమంటారు. మేమూ మా చిన్నప్పుడు ఆపెయ్యమనే అన్నాం. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

నేను చాలామంది పెద్దవాళ్ల దగ్గర విన్న మాట ఒకటి ఉంది: "జనానికేం తెలుసండీ, మంచిది వేస్తే అదే అలవాటవుతుంది." ఈ ప్రయోగం మన దేశంలో ఒకసారి జరిగింది. 1952లో బి.వి.కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. స్వయంగా సంగీతం తెలిసినవాడు. ఆయన హయాంలోనే జాతీయ సంగీత కార్యక్రమం వచ్చింది, రేడియో సంగీత సమ్మేళనం వచ్చింది, కళాకారులకి ఆడిషన్లు పెట్టి గ్రేడ్లు ఇవ్వడం గట్టిపడింది. శాస్త్రీయ సంగీతానికి ఆయన చేసిన మేలు చిన్నది కాదు, రాజుల కొలువులు పోయాక ఎంతమంది విద్వాంసుల ఇళ్లలో పొయ్యి వెలిగింది రేడియో వల్లనే. కానీ సినిమా పాటలు జనాన్ని చెడగొడుతున్నాయని వాటిని దాదాపు బయటకి నెట్టేశారు. జనం ఏం చేశారు? ఉత్తరాలు రాశారా, ధర్నా చేశారా? ముల్లు ఇలా తిప్పారు, అంతే. శ్రీలంక నుంచి రేడియో సిలోన్ వచ్చింది, అక్కడ అమీన్ సయానీ గొంతు, ఆయన హిందీ సినిమా పాటల ప్రోగ్రాం బినాకా గీత్‌మాలా. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణికి సినిమా పాటలు వేసే వివిధభారతి పెట్టక తప్పలేదు. శ్రోత అభిప్రాయం నోట్లో ఉండదండీ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంటుంది.

ఆ వివిధభారతిలోనే పొద్దున్న ఏడున్నరకి "సంగీత్ సరితా" అని వచ్చేది, మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది. హిందీ రాకపోయినా వినేవాళ్లం. ఒక రాగం తీసుకుని దాని ఆరోహణ, అవరోహణ చూపించి, కొంచెం పాడి, ఆ రాగంలో ఉన్న సినిమా పాట వేసేవారు. పావుగంట. అందులో మాట తక్కువేం కాదు, కానీ ఒక్కరు కూడా "సోది" అనలేదు నాతో. మా ఇస్త్రీ అబ్బాయి వాళ్ల నాన్న ఇప్పటికీ చెప్తాడు, "ఆళ్లు సెప్పేదాకా ఆ పాటా ఈ పాటా ఒకటే రాగమని నాకు తెల్దమ్మా" అని. మాట ఎక్కువైందని గోల పెట్టేవాళ్లు అసలు తిట్టేది మాటని కాదేమో అని నాకు అనుమానం వచ్చింది అప్పుడు. పాటకి సంబంధం లేని మాటని.

ఇప్పుడు మద్దిలపాలెం ఆటో అబ్బాయి కథ. ఈ ప్రసంగానికి పేరు పెట్టింది అతనే అనుకోండి. ఒకరోజు మద్దిలపాలెం జంక్షన్లో ఆటో ఎక్కాను, ఒళ్లో తంబురా పెట్టె, అంటే మామూలు ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, అది చూసి "సంగీతం టీచరా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఈ పాటేటో సెప్పండి" అని హమ్ చేశాడు. సిగ్నలు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, కళ్లు మూసుకుని మరీ! నేను హడలిపోయాను. శ్రుతి అటూ ఇటూ ఉంది గానీ వరస గుర్తుపట్టేంత ఉంది. మలయమారుతం. త్యాగయ్య గారి "మనసా ఎటులోర్తునే". పేరు చెప్పగానే "ఓలమ్మా, ఆర్నెల్లై ఎతుకుతున్నాను" అన్నాడు. మలయమారుతం అంటే సెంటు పేరులా ఉందట అతనికి.

ఆర్నెల్లు ఎందుకు వెతికాడు? ఎవరూ పేరు చెప్పలేదా? చెప్పారు. పాట ముందు చెప్పారు. అప్పటికి అతను బేరమాడుతున్నాడు, "ఎంవీపీ కాలనీకి ఎంత, ఎనభై, కాదు అరవై" అని. పాట మొదలయ్యాక రెండో నిమిషంలో, బండి కదిలాక, మనసు దాని మీద పడింది. అయిపోయేసరికి ఇది ఎవరిదో తెలుసుకోవాలని ఉంది, అప్పుడు అనౌన్సరు గారు నేరుగా తరవాతి పాట పేరు చెప్పి వెళ్లిపోయారు. ఏ పాటైనా మనకి నచ్చిందని తెలిసేది అది సగమయ్యాకే కదా, ముందే ఎలా తెలుస్తుంది? ముందు చెప్పే పేరు పట్టించుకునేది ఎవరు, మీలాంటి వాళ్లు, పుస్తకం పెన్ను పెట్టుకుని కూర్చునేవాళ్లు. మీకు చెప్పకపోయినా రాగం తెలుసు. పేరు కావలసినవాడికి అది చెవిన పడేది పాట తరవాత చెప్తేనే.

ఇది నా పుస్తకంలో ఆటో అబ్బాయి ఒక్కడిదే కాదు, తిరగేస్తే నాలుగైదు చోట్ల ఇదే కనిపించింది, అప్పుడు గానీ నాకు వెలగలేదు. బీచ్ రోడ్డులో ఒకాయన ఇయర్‌ఫోన్ తీసి, "పాడిందెవరో తెలీక చచ్చిపోతున్నానండీ" అన్నారు. ఒక మృదంగం ఆయన, ఈయనది మరీ కడుపుమంట, "పాడినావిడ పేరైనా చెప్తారు, పక్కవాద్యాల వాళ్లం గాలిలోంచి ఊడిపడ్డామా?" అన్నారు. పాటయ్యాక పది సెకన్లు. రాగం, రచన, పాడినవారు, వయొలిన్, మృదంగం. మళ్లీ పాట. పేర్లు తెలుసుకోవాలనుకునేవాళ్లకి దక్కుతాయి, మాటలు వద్దనేవాళ్లకి పది సెకన్లు అడ్డం కాదు. నేను ఈ మాట పెళ్లిలో ఆ స్టేషనాయనతో కూడా అన్నాను. "రెండుసార్లు చెప్పాలంటే టైము చాలదమ్మా" అన్నాడు. రెండుసార్లు ఎవరు చెప్పమన్నారు? ముందు చెప్పేది మానెయ్యండి! ఆయన జిలేబీ ప్లేటు తీసుకుని అటు వెళ్లిపోయాడు. (నవ్వులు, చప్పట్లు)

(సభలో ఒకరు: "ముందు చెప్పకపోతే ఏం వస్తుందో తెలీక కట్టేస్తారు కదా మేడమ్?") మంచి మాట. కొంతమంది కట్టేస్తారు, నిజమే. "ఇప్పుడు ఫలానా విద్వాంసుడి ఆలాపన" అంటే "అమ్మో" అని ముల్లు తిప్పేవాడు, పేరు చెప్పకుండా మొదలుపెడితే రెండు నిమిషాలు వింటాడేమో. ఆటో అబ్బాయికి ముందే త్యాగరాజ కృతి అని తెలిసుంటే విని ఉండేవాడా? నేనైతే అనుమానమే అంటాను. అతను అది సినిమా పాట అనుకుని విన్నాడు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. బయట బల్ల మీద పోస్టుకార్డులు కొన్ని పెట్టాను, అర్ధరూపాయి కార్డులే, నా సొంత డబ్బు, మొహమాటపడకండి. మీరు వినే స్టేషన్ ఏదైతే దానికి రాయండి. రేపు పొద్దున్న చరణం మధ్యలో కోస్తే ఏ పాట, ఎన్ని గంటలకి అని వేసి రాయండి. ఊరికే "బాగాలేదు" అని రాస్తే వాళ్లు పక్కన పడేస్తారు, టైముతో సహా రాస్తే ఎవరో ఒకరు రిజిస్టరు తీసి చూడాలి. తిట్టే కార్డు ఒకటి రాసేవాళ్లు బాగున్నప్పుడు కూడా ఒకటి రాయండి, ఆ స్టూడియోలో నాలుగింటికి లేచి వచ్చినవాళ్లు కూర్చుంటారు. కార్డులు ఇరవై ఐదే ఉన్నాయి, ముందొచ్చినవాళ్లకే.